రేస్ దిగదు, బండి గుంజుతుంది: ట్యూనింగ్ చేయించిన మాన్యువల్ కార్ల గురించి అపోహలు – వాస్తవాలు

మా షెడ్డు నల్లగొండలో, పానగల్లు వైపు పోయే రోడ్డు మీద ఉంది. పదహారేళ్లుగా పెట్రోల్ ఇంజన్ల పని చేస్తున్నాను. అందులో చివరి ఏడేళ్లు ల్యాప్‌టాప్ పెట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఫైళ్ల పని కూడా చూస్తున్నాను. ఎక్కడో స్టేజ్ వన్ ట్యూనింగ్ (ఈసీయూ ఫైల్ మార్చి పవర్ పెంచే మొదటి మెట్టు) చేయించుకుని, రెండు నెలలకు ఇవే రెండు ఫిర్యాదులతో మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది.

మొదటిది: గేరు మార్చడానికి క్లచ్ తొక్కి ఎక్సలేటర్ వదిలేసినా ఆర్‌పీఎం ముల్లు దిగదు, అంటే ఇంజన్ రేస్ తగ్గదు. మూడు వేల దగ్గర ఒక సెకను వేలాడి, అప్పుడు నింపాదిగా దిగుతుంది. దీన్నే రెవ్ హ్యాంగ్ అంటారు. రెండోది: ఫస్టులోనో సెకండ్‌లోనో నెమ్మదిగా పోతూ కాలు కాస్త ఎత్తి మళ్లీ పెడితే, బండి కొత్తగా కాడి కట్టిన కోడెలాగా ముందుకూ వెనక్కూ గుంజుతుంది. ఈ రెండింటి మీద టీ కొట్టు దగ్గర వినిపించే మాటలు చాలావరకు తప్పులే. కొన్ని నేనూ నమ్మినవే.

అపోహ: రేస్ దిగట్లేదంటే ట్యూనింగ్ చేసినవాడు ఫైల్ పాడుచేశాడు.

నేను ముందు అడిగేది ఒకటే. ట్యూనింగ్‌కు ముందు ఎలా ఉండేది? సగం మందికి గుర్తుండదు. గుర్తున్నవాళ్లలో చాలామంది "అప్పుడూ కొంచెం ఉండేది అన్నా, ఇప్పుడు ఎక్కువైంది" అంటారు. అసలు సంగతి అదే. రెవ్ హ్యాంగ్ చాలా కార్లలో కంపెనీ కావాలని పెట్టిందే.

ఇప్పటి కార్లలో ఎక్సలేటర్ పెడల్ నుంచి త్రోటిల్‌కు (ఇంజన్‌లోకి పోయే గాలిని ఆపే, వదిలే ఫ్లాప్‌కు) కేబుల్ ఉండదు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లుంటాయి. అవి ఈసీయూకు మోసేది మీ కోరికను మాత్రమే. ఫ్లాప్ ఎంత తెరవాలి, ఎంత వేగంగా మూయాలి అన్నది దాని ఇష్టం. మీరు కాలు పూర్తిగా తీసేసినా అది వెంటనే మూయదు. ఎందుకంటే ఫ్లాప్ ఒక్కసారిగా మూసుకుంటే మానిఫోల్డ్‌లో (ఫ్లాప్ నుంచి సిలిండర్లకు గాలి పోయే గొట్టాల్లో) వాక్యూమ్ పెరిగి, పోర్టు గోడలకు అంటుకుని ఉన్న పెట్రోల్ పొర ఒక్కసారిగా ఆవిరైపోతుంది. సిలిండర్‌లో గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ అవుతుంది. సగం కాలి సగం కాలని పొగ సైలెన్సర్ వైపు పోతుంది. ఇది కొత్త సమస్యేమీ కాదు. కార్బురేటర్ల కాలంలోనే కొన్ని బండ్లకు డ్యాష్‌పాట్ అని ఒక చిన్న డయాఫ్రమ్ పెట్టి, ఫ్లాప్ మెల్లగా మూసుకునేలా చేసేవాళ్లు. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది.

ఇంకో కారణం ఉంది. కాలు తీసి కాస్త సమయం గడిస్తే ఈసీయూ పెట్రోల్ చిమ్మే ఇంజక్టర్లను పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు ఉత్త గాలి పోయి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ నిండా ఆక్సిజన్ చేరుతుంది. మళ్లీ పెట్రోల్ మొదలైనప్పుడు ఆ కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను సరిగా శుద్ధి చేయలేదు. గేరు మార్చడానికి పట్టేది సెకనులోపే. అంత చిన్న విరామానికి ఈ తంటా ఎందుకని, ఈసీయూ పెట్రోల్ ఆపకుండా కాసేపు మంట నిలబెడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక పొగ లెక్కలు బిగుసుకున్నాయి కాబట్టి ఈ జాగ్రత్తలు కూడా బిగుసుకున్నాయి.

మరి ట్యూనింగ్ తర్వాత ఎందుకు ఎక్కువవుతుంది? టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ఉన్న బండిలో ఆ గాలి ప్రెజర్ పెంచారు. ఫ్లాప్ మూసుకుంటున్న ఆ కొద్ది క్షణాల్లో దాని వెనక పైపులో ఇంతకుముందుకన్నా ఎక్కువ గాలి ఒత్తుకుని నిలబడి ఉంటుంది. ఫ్లాప్ తెరుచుకున్న సందు అంతే, దూరే గాలి మాత్రం ఎక్కువ. ఫైల్‌లోని పవర్ టేబుళ్లు మార్చి, ఫ్లాప్ మూసే వేగాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే జరిగేది ఇదే. దాన్ని ఫైల్ పాడుచేయడం అనను. పని సగంలో వదిలేయడం అంటాను.

అపోహ: త్రోటిల్ బాడీ (ఫ్లాప్ ఉండే భాగం) కడిగిస్తే పోతుంది.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ తీస్తే రైస్ మిల్లుల ఊక దుమ్ము దోసిలికి వస్తుంది. ఫ్లాప్ అంచున నల్లటి జిడ్డు కూడా పేరుకుంటుంది, నిజమే. జిడ్డు వల్ల ఫ్లాప్ పట్టేసి రేస్ నిలబడిపోయే బండ్లూ ఉంటాయి. కానీ కడిగిన మర్నాడే "అన్నా, ఐడిలింగ్ ఇంకా పెరిగింది" అని ఫోన్లు వస్తాయి. ఐడిలింగ్ అంటే కాలు పెట్టకపోయినా ఇంజన్ తిరిగే వేగం. ఎందుకంటే ఆ జిడ్డును లెక్కలోకి తీసుకుని, ఐడిలింగ్‌కు ఫ్లాప్ కాస్త ఎక్కువ తెరవాలని ఈసీయూ నేర్చుకుని ఉంటుంది. జిడ్డు పోయింది, నేర్చుకున్నది మిగిలింది. స్కానర్ పెట్టి త్రోటిల్ అడాప్టేషన్, అంటే ఫ్లాప్ లెక్కను ఈసీయూకు కొత్తగా నేర్పించడం, మళ్లీ చేయించాలి. ఇంకో మాట, కీ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రానిక్ ఫ్లాప్‌ను వేలితో నొక్కకండి. మోటారు గేర్లు ప్లాస్టిక్‌వి, పోతే మొత్తం బాడీ మార్చాలి. అంచున పూత ఉంటుంది, దాన్ని బ్లేడుతో గీకకండి.

కడగడం కన్నా ముందు చూడాల్సింది గాలి లీకు. ట్యూనింగ్‌తో పాటు కొత్త ఇంటేక్ పైపులు, కొత్త హోసులు వేసి ఉంటే ఇది మరీ అవసరం. ఫ్లాప్ దాటాక ఎక్కడ గాలి పీల్చినా రేస్ దిగదు. లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఇది ఫ్యూయల్ ట్రిమ్‌లో (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చూపే అంకెలో) దొరికిపోతుంది. ఐడిలింగ్‌లో ట్రిమ్ ప్లస్ పది, పన్నెండు శాతం చూపించి, రెండున్నర వేల ఆర్‌పీఎంకు పోయేసరికి మామూలుకు దిగితే లీకును అనుమానించండి. మానిఫోల్డ్ ప్రెజర్ కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే బండిలో ట్రిమ్ అంతగా పట్టివ్వదు, ఐడిలింగ్ మాత్రమే పైన కూర్చుంటుంది. అక్కడ పైపుల్లోకి పొగ పంపి, ఎక్కడి నుంచి బయటికొస్తుందో చూడాల్సిందే.

క్లచ్ స్విచ్ కూడా. పది నిమిషాల పని, ఎవరూ చూడరు. క్లచ్ తొక్కినట్టు ఈసీయూకు తెలియకపోతే బండి గేర్లోనే ఉందనుకుని, చాలా బండ్లలో పవర్‌ను మెల్లగా దించుతుంది. స్కానర్ లైవ్ డేటాలో క్లచ్ తొక్కుతూ వదులుతూ చూడండి. స్టేటస్ మారకపోతే ఫైల్ జోలికి పోకండి.

అపోహ: గుంజుడంటే క్లచ్ ప్లేటు పోయినట్టే.

ఎప్పుడు గుంజుతుంది అనే దాంట్లోనే సగం జవాబు ఉంటుంది. బండి కదిలేటప్పుడు, క్లచ్ సగం వదిలిన చోట వణికితే అది క్లచ్. థర్డ్‌లో ఫుల్లుగా తొక్కినప్పుడు తుపుక్ తుపుక్‌మంటే ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూడండి. ప్రెజర్ పెరిగితే ప్లగ్గు గ్యాప్ దాటడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, పాత గ్యాప్‌తో మిస్ అవుతుంది. క్లచ్ పూర్తిగా వదిలేసి, ఇరవై కిలోమీటర్ల లోపు వేగంలో, కాలు తీసి పెట్టినప్పుడు మాత్రమే గుంజితే అది ఈ రెండూ కాదు.

రెండేళ్ల కింద దేవరకొండ నుంచి ఒకాయన వచ్చాడు. వేరే చోట క్లచ్ సెట్టు రెండుసార్లు మార్పించాడట. బానెట్ లేపి, హ్యాండ్ బ్రేకు వేయించి, ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కించి, ఫస్టు గేర్లో క్లచ్‌ను పట్టుకునేంత వరకే వదలమన్నాను. నేను పక్కకు నిలబడ్డాను. ఈ పరీక్షలో బండికి ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకూడదు. ఇంజన్ ఒక వైపు లేచింది. రివర్స్‌లో వేయిస్తే అవతలికి వాలింది. లేచి వాలడానికి మధ్య నా అరచేయి దూరేంత తేడా. కింద చూస్తే కుడి వైపు మౌంటింగ్ (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే దిమ్మ) నుంచి నల్లటి ద్రవం కారి ఎండిపోయిన చార. లోపల ఆయిల్ ఉండే మౌంటింగ్ అది, పగిలి ఎన్నాళ్లయిందో. కింది టార్క్ మౌంటింగ్ రబ్బరు కూడా చీలిపోయింది. రెండు మౌంటింగులు మార్చాక గుంజుడు ముప్పావు వంతు పోయింది. మిగతా పావు వంతుకే ల్యాప్‌టాప్ తీశాను.

ఇంజన్‌కూ చక్రానికీ మధ్య ఎన్నో చోట్ల కొద్దికొద్దిగా లూజు ఉంటుంది. గేరు పళ్లు, షాఫ్టు స్ప్లైన్లు, జాయింట్లు, మౌంటింగులు. కాలు తీస్తే ఆ లూజంతా ఒక వైపుకు, పెడితే ఇంకో వైపుకు టక్కుమని తగులుతుంది. ట్యూనింగ్ బండిలో ఆ టక్కు ఇంకా గట్టిగా తగులుతుంది. దీనికి డ్రైవర్ కాలు కూడా తోడవుతుంది. బండి ఊగితే ఒళ్లు ఊగుతుంది, ఒళ్లు ఊగితే పాదం ఊగుతుంది, పాదం ఊగితే పెడల్ మారి మళ్లీ బండి ఊగుతుంది. మడమ నేలకు ఆనించి, పాదం పక్కభాగాన్ని మధ్య కన్సోల్‌కు తాకించి నడిపి చూడండి. కొందరికి అక్కడే సగం తగ్గిపోతుంది. ఈ మాట చెబితే ఎవరికీ నచ్చదు.

అపోహ: కాలు తీయగానే రేస్ టక్కున పడేలా ఫైల్ పెట్టించుకుంటే రెండు సమస్యలూ ఒకేసారి పోతాయి.

నా చేతులు కాలింది ఇక్కడే. ట్యూనింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఒక తమ్ముడి బండికి ఫ్లాప్ మూసే వేగాన్ని ఉన్నంతలో పెంచి, పెట్రోల్ కటాఫ్ (ఇంజక్టర్లు ఆగడం) ఆలస్యాన్ని సున్నాకు దగ్గరగా దించాను. షెడ్డులో నిలబెట్టి రేస్ ఇస్తే ముల్లు రాయి పడ్డట్టు పడింది. ఇద్దరం సంబరపడ్డాం. నార్కట్‌పల్లి దాకా పోయి వచ్చేసరికి తమ్ముడి ముఖం మాడిపోయింది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి గుర్రమైందట.

రేస్‌ను వేలాడదీసే ఆ మెల్లని మూతే, గేర్లో ఉన్నప్పుడు టక్కును మెత్తగా చేసేది కూడా. ఒకటి పూర్తిగా తీసేస్తే రెండోది మీద పడుతుంది. అందుకే ఇప్పుడు ఒకే అంకె అంతటా పెట్టను. ఈసీయూ అవకాశం ఇస్తే క్లచ్ తొక్కి ఉన్నప్పుడు, రెండున్నర వేల పైన ఫ్లాప్‌ను చురుగ్గా మూయిస్తాను. క్లచ్ వదిలి, ఫస్టు, సెకండ్‌లో, రెండు వేల లోపల కంపెనీ పెట్టినంత నెమ్మదిగానే, ఒక్కోసారి ఇంకా నెమ్మదిగా వదులుతాను.

పెట్రోల్ కటాఫ్‌ది ఇంకో తిరకాసు. ఆగిన ఇంజక్టర్లు చాలా బండ్లలో పన్నెండు, పదిహేను వందల ఆర్‌పీఎం దగ్గర మళ్లీ మొదలవుతాయి. మన క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ఫస్టు గేర్లో పోయే బండి సరిగ్గా ఆ గీత మీదే నడుస్తుంటుంది. ఆగు, మొదలెట్టు, ఆగు, మొదలెట్టు. ఆగే ఆర్‌పీఎంకూ మొదలయ్యే ఆర్‌పీఎంకూ మధ్య ఎడం పెంచి, కింది గేర్లలో కటాఫ్‌ను కాస్త ఆలస్యం చేస్తే ఇది సర్దుకుంటుంది. మైలేజీలో చుక్క తేడా వస్తుంది, అంతే.

ఒకసారికి ఒక్క మార్పే చేస్తాను. మార్చడం, చెరువుగట్టు దాకా పోయి గుట్ట ఎక్కి దిగడం, నడిపినంతసేపు రికార్డయిన లాగ్ చూడటం. పెడల్, అడిగిన ఫ్లాప్, నిజమైన ఫ్లాప్, ఆర్‌పీఎం, స్పార్కు టైమింగ్, ఈ ఐదు గీతలు చాలు. పెడల్ సున్నాకు పడిన చోట ఫ్లాప్ గీత ఎంతసేపటికి దిగుతుందో చూస్తే తగువే ఉండదు. అడిగిన ఫ్లాప్ దిగి, నిజమైన ఫ్లాప్ దిగకపోతే అది ఇనుము జబ్బు, అంటే ఫైల్‌ది కాదు, త్రోటిల్ భాగాలది. రెండూ కలిసి మెల్లగా దిగితే ఫైల్ సంగతి. రెండూ మూసుకున్నా ఆర్‌పీఎం నిలబడితే ఎక్కడో గాలి పీలుస్తోంది.

అపోహ: పెడల్ బాక్స్ పెడితే స్మూత్ అవుతుంది.

పెడల్ బాక్స్ అంటే ఎక్సలేటర్ పెడల్‌కూ ఈసీయూకూ మధ్య తగిలించే చిన్న డబ్బా. అది పవర్ పెంచదు. మీరు ఇరవై శాతం తొక్కితే నలభై తొక్కినట్టు ఈసీయూకు అబద్ధం చెబుతుంది. గుంజే బండికి అది పెడితే, పాదం చిన్నగా ఊగినా రెట్టింపవుతుంది. నా దగ్గరికి వచ్చిన గుంజే బండ్లలో ముందు దాన్ని పీకి పక్కన పెడతాను. కొన్ని అక్కడితోనే బాగయ్యాయి, ఆ రోజు నాకు బేరం లేదు.

"పిష్షు" మనే బ్లో ఆఫ్ వాల్వ్‌దీ (కాలు తీసినప్పుడు టర్బో గాలిని బయటికి వదిలేది) దాదాపు ఇదే కథ. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న బండిలో, లెక్కలోకి వచ్చిన గాలిని బయటికి వదిలేస్తే పెట్రోల్ ఎక్కువై కాలు తీసినప్పుడు తడబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. శబ్దం కావాలా, సాఫీగా పోవడం కావాలా తేల్చుకుని రమ్మంటాను.

అపోహ: లైట్ ఫ్లైవీల్ వేస్తే రెవ్ హ్యాంగ్ పోతుంది.

ఫ్లైవీల్ అంటే ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం. దాని బరువు తగ్గితే రేస్ త్వరగా దిగే మాట నిజం. కానీ ఫ్లాప్ తెరిచి పట్టుకున్నది ఈసీయూ అయితే, అది వదిలేదాకా తేలిక ఫ్లైవీల్ కూడా వేలాడుతూనే ఉంటుంది. పైగా డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కలది) తీసి సింగిల్ వేస్తే ఐడిలింగ్‌లో గేర్ బాక్స్ గలగలమంటుంది, ట్రాఫిక్‌లో గుంజుడు ఇంకా పెరుగుతుంది.

అపోహ: బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే సెట్ అవుతుంది.

నేర్చుకున్నదంతా చెరిగిపోయి రెండు రోజులు వేరేలా నడుస్తుంది. బాగైందనుకుంటారు. మళ్లీ నేర్చుకున్నాక పాత పాటే.

అపోహ: కెటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే ఈ పొగ జాగ్రత్తలన్నీ అక్కర్లేదు.

కన్వర్టర్ తీసేసినా ఈసీయూ ఫ్లాప్‌ను తన పద్ధతిలోనే మూస్తుంది. పొగ మాత్రం వెనక వచ్చేవాడి మొహాన కొడుతుంది. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌కు విరుద్ధం. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ దగ్గర తల పట్టుకోవాలి. ఆ పని మా షెడ్డులో చేయం.

చివరగా, మన దగ్గర ఎండాకాలంలోనే వినిపించే ఫిర్యాదు ఒకటి: "పొద్దున బాగానే ఉంటది అన్నా, మధ్యాహ్నం రేస్ అసలే దిగదు." ఏసీ ఆపి చూశావా అని అడుగుతాను. కంప్రెసర్ లోడు మోయడానికి ఈసీయూ ఐడిలింగ్‌కు కొంచెం ఎక్కువ గాలి ఇస్తుంది, కంప్రెసర్ పడుతూ లేస్తూ ఉంటే రేస్ దిగే తీరూ మారుతుంటుంది. ఏసీ ఆపి నాలుగు గేర్లు మార్చి చూడండి. తేడా కనిపిస్తే బండికి ఏ జబ్బూ లేదు, షెడ్డుకు రావాల్సిన పని లేదు.