బ్రేకు తొక్కితే పోయేది ఎంత?

కొత్త బండి కొన్నవాళ్లను ఎవరైనా ముందు అడిగేది "ఎంతిస్తుంది?" అనే. లీటరుకు పదిహేనో పద్దెనిమిదో అని ఒక అంకె చెబుతారు. ఆ అంకె బండికి పుట్టుకతో వచ్చిన గుణమన్నట్టు మాట్లాడుకుంటాం. కానీ ఒకే బండి ఒకరి చేతిలో పద్దెనిమిది ఇచ్చి, మరొకరి చేతిలో పదమూడు దగ్గరే ఆగిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఇంజిన్ అదే, పెట్రోలూ అదే. మరి తేడా ఎక్కడ వస్తోంది? ట్యాంకులోంచి బయల్దేరిన శక్తి చివరికి ఎక్కడికి చేరుతోందో చూస్తే తెలుస్తుంది.

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం చక్రాల దాకా రానే రాదు. రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా బయటికి పోతుంది. రోజువారీ డ్రైవింగ్‌లో పావు వంతు చక్రాలకు అందితే మంచి లెక్కే. చదునైన రోడ్డు మీద ఆ పావు వంతు మూడు పనులకు పోతుంది: టైర్లు దొర్లడానికి, గాలిని తోసుకుపోవడానికి, బండికి వేగం తెప్పించడానికి. మొదటి రెండూ తప్పని ఖర్చులు. మూడోది మాత్రం దాచుకున్న సొమ్ము లాంటిది. వేగం రూపంలో బండిలోనే ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడే చేజారిపోతుంది.

ఎంత పోతుందో లెక్క వేద్దాం. 1200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దానిలో దాదాపు 1,67,000 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. పావు వంతే చక్రాలకు అందుతుంది కాబట్టి, ఆ వేగం తెప్పించడానికి కాల్చిన పెట్రోలు ఇంచుమించు 20 మిల్లీలీటర్లు. అంటే నాలుగు టీ స్పూన్లు. సిగ్నల్ దగ్గర గట్టిగా బ్రేకు వేసి ఆపారంటే ఆ నాలుగు స్పూన్లూ డిస్కుల వేడిగా మారి గాల్లో కలిసిపోయినట్టే. అలా యాభైసార్లు ఆపితే ఒక లీటరు. కొండ దారిలో కిందికి దిగొచ్చాక ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి (తాకొద్దు, కాలుతుంది). తగిలే సెగంతా ఒకప్పుడు ట్యాంకులో ఉన్న ఇంధనమే. హైబ్రిడ్ కార్లు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు ఉన్నవి) ఊళ్లో బాగా ఆదా చేయడానికి పెద్ద కారణం కూడా ఇదే. వేడిగా పోవాల్సిన ఈ శక్తిలో కొంత భాగాన్ని ముందే కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపేస్తాయి.

మామూలు కారుకు ఆ సౌకర్యం లేదు. మన కళ్లే ఆ పని చేయాలి. రెండు వందల మీటర్ల దూరంలో ఎర్ర లైటు కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే, బండి ఆ గేరులోనే మెల్లగా నెమ్మదిస్తూ వెళ్తుంది. ఇంజెక్టర్లు (పెట్రోలును కొలిచి ఇంజిన్‌లోకి చిమ్మేవి) ఉన్న ఇంజిన్లలో అప్పుడు ఒక మంచి సంగతి జరుగుతుంది. ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతున్నాయని కంప్యూటర్ గమనించి, ఇంజిన్ వేగం ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే కనీస వేగం) దగ్గరికి పడిపోయేదాకా పెట్రోలు చిమ్మడం పూర్తిగా ఆపేస్తుంది. ఇక్కడ న్యూట్రల్‌లో పెడితే ఆదా అనుకుంటారు చాలామంది. నిజానికి న్యూట్రల్‌లో ఇంజిన్ తనంతట తాను తిరుగుతూ ఉండాలి కాబట్టి దానికి పెట్రోలు కావాల్సిందే. పైగా వాలులో న్యూట్రల్ ప్రమాదం కూడా. ఇంజెక్టర్లు రాకముందు, కార్బ్యురేటర్ల కాలం నాటి అలవాటు అది, ఇప్పటి బండికి వద్దు.

గేరు విషయంలోనూ ఇలాంటి అపోహే ఒకటుంది. ఎంత సుతారంగా రేసు ఇస్తే అంత ఆదా అని కింది గేరులోనే చాలాసేపు లాగిస్తారు. పెట్రోలు ఇంజిన్‌కు గాలి ఒక మూత గుండా లోపలికి వెళ్తుంది. ఆ మూత సగం మూసి ఉంటే, నొక్కిపెట్టిన స్ట్రాలోంచి నీళ్లు పీల్చినట్టు ఇంజిన్ గాలి పీల్చుకోవడానికే అవస్థ పడుతుంది. పై గేరులో, తక్కువ చుట్లతో తిరిగేటప్పుడు మూత ఎక్కువ తెరుచుకుని ఆ అవస్థ తగ్గుతుంది. అందుకే ఓ మోస్తరు గట్టిగానే వేగం అందుకుని త్వరగా పై గేరుకు మారడం మేలు. ఇంజిన్ వణుకుతూ కొట్టుకుంటుంటే మాత్రం గేరు దించాల్సిందే.

హైవే ఎక్కాక కథ మారిపోతుంది. అక్కడ అసలు ప్రత్యర్థి గాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కిటికీలోంచి అరచెయ్యి కాస్త బయట పెడితే గాలి నిమిరినట్టుంటుంది. 80 దగ్గర అదే గాలి చేతిని వెనక్కి నెట్టేస్తుంది. వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. మామూలు కారుకు గంటకు 60 దగ్గర టైర్ల నిరోధం, గాలి నిరోధం ఇంచుమించు సమానం. ఆపైన గాలిదే రాజ్యం. 80 నుంచి 100కు పెంచితే గాలితో పోరాటం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974లో అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల, వేగ పరిమితి పెట్టడం వెనుక ఉన్నది ఈ లెక్కే. టాప్ మీద ఖాళీ క్యారియర్ ఉన్నా గాలికి అడ్డమే. పని లేనప్పుడు విప్పేయండి.

మిగతావి చిన్నవే, కానీ కలిపి చూస్తే తక్కువేం కాదు. టైర్లలో గాలి తగ్గితే రబ్బరు ఎక్కువ నలిగి వేడెక్కుతుంది, ఆ వేడి ఇంధనం నుంచే రావాలి. చల్లగా ఉన్న ఇంజిన్‌కు ఎక్కువ పెట్రోలు పడుతుంది కాబట్టి రెండేసి కిలోమీటర్ల పనులు విడివిడిగా తిరిగేకన్నా ఒకేసారి చేసుకోవడం నయం. ఏసీ కంప్రెసర్‌ను తిప్పేదీ ఇంజినే. తక్కువ వేగంలో కిటికీలు దించుకోవచ్చు గానీ, హైవే మీద దించితే గాలి నిరోధం పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పడితే మైలేజ్ పడిపోతుందన్న మాట పాత బళ్లకు నిజం. ఇంజెక్టర్లున్న పెట్రోలు బళ్లలో పికప్ తగ్గుతుంది గానీ మైలేజ్‌లో తేడా పెద్దగా ఉండదు.

వెనక ట్రైలర్ తగిలిస్తే పైన చెప్పినవన్నీ ఒక్కసారిగా పెద్దవైపోతాయి. ఒకసారి సామాన్లు మార్చడానికి పెట్టెలాంటి ఎత్తైన ట్రైలర్ లాక్కెళ్లాను. నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చాను. రెండువైపులా ఫుల్ ట్యాంక్ చేయించి చూసుకుంటే, ఖాళీగా వచ్చినప్పుడు తాగిన పెట్రోలు నేననుకున్నంత తగ్గలేదు. ముందు ఆశ్చర్యపోయాను, తర్వాత అర్థమైంది. చదునైన హైవే మీద బరువు కన్నా ఆకారానిదే ఎక్కువ పెత్తనం. కారు ముఖభాగం రెండు చదరపు మీటర్ల పైచిలుకు ఉంటే, ఎత్తైన ట్రైలర్‌ది అయిదు దాటవచ్చు. కొంత భాగం కారు చాటున ఉన్నా, మిగతాది గోడలా గాలికి ఎదురు నిలబడుతుంది. లోపల సామాను ఉందా లేదా అన్నది గాలికి అనవసరం. అందుకే ట్రైలర్ లాగేటప్పుడు వేగం పది కిలోమీటర్లు తగ్గించడం కన్నా బాగా పనిచేసే ఉపాయం నాకు కనబడలేదు.

ఇక్కడ "లీటరుకు ఇన్ని" అన్న లెక్క మనల్ని కాస్త మోసం చేస్తుంది. లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో ఈ పొరపాటును ఎత్తిచూపారు. ట్రైలర్‌తో లీటరుకు 8 ఇచ్చే బండిని 9కి తెస్తే నూరు కిలోమీటర్లకు సుమారు 1.4 లీటర్లు మిగులుతాయి. ఖాళీ కారును 18 నుంచి 20కి తెచ్చినా మిగిలేది అర లీటరు పైచిలుకే. చూడ్డానికి ఒక్క కిలోమీటరే గానీ, బరువు లాగేవాళ్లకు అది చాలా పెద్దది.

బరువు తన ప్రతాపం చూపించేది ఎత్తెక్కేటప్పుడు. కారూ ట్రైలరూ కలిసి 2000 కిలోలుంటే, నూరు మీటర్ల ఎత్తు ఎక్కడానికే దాదాపు 2 మెగాజౌళ్లు కావాలి. అంటే, దూరానికి అయ్యే ఖర్చు కాక, పైకి లేపినందుకే దాదాపు 250 మిల్లీలీటర్ల పెట్రోలు. ఆటోమేటిక్ గేరు బండి ఎత్తు మీద పై గేరుకీ కింది గేరుకీ మాటిమాటికీ ఊగిసలాడుతుంటే, టో మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు మారే తీరును సర్దే ఏర్పాటు) ఉంటే వేసుకోవాలి, లేదా చేత్తోనే కింది గేరులో నిలపాలి. ఆ ఊగిసలాటలో గేరుబాక్స్ నూనె వేడెక్కుతుంది, ఇంధనమూ పోతుంది.

ఎక్కడానికి పెట్టిన ఖర్చులో కొంత దిగేటప్పుడు తిరిగొస్తుంది, బ్రేకు తొక్కి దాన్ని కాల్చేయకపోతే. వాలు మొదలవకముందే కింది గేరులోకి మార్చి కాలు తీసేస్తే, వెనకున్న బరువే ఇంజిన్‌ను తిప్పుతుంది. ఇంజిన్ గట్టిగా హోరెత్తుతుంది, వినేవాళ్లకు పెట్రోలు తెగ తాగుతోందేమో అనిపిస్తుంది. ఆ కాసేపూ ట్యాంకులోంచి ఒక్క చుక్క కూడా ఇంజిన్‌లోకి వెళ్లదు.