ప్రత్యర్థిని ద్రోహిగా మార్చే విద్య

1990లో అమెరికాలో రిపబ్లికన్ అభ్యర్థులకు ఒక కరపత్రం అందింది. పంపింది ఆ పార్టీ నేత న్యూట్ గింగ్రిచ్ నడిపిన గోపాక్ సంస్థ. అందులో ఉన్నవి ముఖ్యంగా పదాల పట్టికలు, రెండు. తమ గురించి చెప్పుకోవడానికి కుటుంబం, ధైర్యం, స్వేచ్ఛ వంటివి. అవతలివారికి తగిలించడానికి పతనం, అవినీతి, సిగ్గుచేటు, ద్రోహులు వంటివి. అవతలివారి విధానం ఎందుకు తప్పో వివరించే శ్రమ అక్కర్లేదు, ముద్ర వేస్తే చాలు. 1994లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను గెలుచుకున్నారు, గింగ్రిచ్ స్పీకర్ అయ్యారు. గెలుపంతా ఆ పట్టికల చలవే అనలేం గానీ, ఆ భాష మాత్రం అక్కడి రాజకీయాల్లో పాతుకుపోయింది.

నిజానికి ఈ విద్య చాలా పాతది. క్రీ.పూ. 427లో, తమపై తిరుగుబాటు చేసిన మిటిలీన్ నగరంలోని వయోజన పురుషులందరినీ చంపాలని ఏథెన్స్ సభ తీర్మానించింది. మర్నాడు సభ మెత్తబడి మళ్లీ చర్చకు కూర్చుంటే, ఆ శిక్షపై పట్టువీడని క్లియోన్ అనే నేత, తనను కాదనేవారు లంచం తిని ఉండవచ్చని ఎత్తిపొడిచాడు. ఇలా నిందలు వేస్తే నిజాయితీగా సలహా చెప్పేవారే మిగలరని, శిక్షను వ్యతిరేకించిన డయోడోటస్ జవాబిచ్చాడు. స్వల్ప తేడాతో ఆయన వాదనే నెగ్గింది.

ఆధునిక కాలంలో ఈ నింద పదవులకు మెట్టుగా మారింది. 1950 ఫిబ్రవరిలో వీలింగ్ పట్టణంలో అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్తీ, తమ విదేశాంగ శాఖలో 205 మంది కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్నారని పత్రికలు రాశాయి. కొద్ది రోజులకే ఆ సంఖ్య 57కు దిగింది. అయినా ఆయన ఊపు తగ్గలేదు. లెక్క అడిగినవారి మీదే అనుమానపు నీడ పడింది. సెనేట్ ఆయనను అభిశంసించేసరికి 1954 డిసెంబర్ వచ్చింది.

యుగోస్లావియాలో పర్యవసానం ఇంకా ఘోరం. 1987 ఏప్రిల్‌లో, అల్బేనియన్లు ఎక్కువగా ఉన్న కొసోవోలో పోలీసుల మీద ఫిర్యాదు చేస్తున్న సెర్బులతో సెర్బియా కమ్యూనిస్టు నేత స్లోబోదన్ మిలోషెవిచ్ ‘మిమ్మల్ని కొట్టే సాహసం ఎవరూ చేయకూడదు’ అన్నారు. బెల్‌గ్రేడ్ టీవీ ఆ దృశ్యాన్ని పదేపదే చూపించింది. అప్పటిదాకా పార్టీ యంత్రాంగపు మనిషిగా ఉన్న ఆయన ఒక జాతి రక్షకుడైపోయారు. ఆ ఏడాది తిరిగేలోపే తనను పైకి తెచ్చిన సెర్బియా అధ్యక్షుడు ఇవాన్ స్తాంబోలిచ్‌నే పదవి నుంచి దింపేశారు. 1991లో యుద్ధాలు మొదలయ్యాయి.

అమెరికాలో ఆ స్థాయి రక్తపాతం లేదు, కానీ ద్వేషం లెక్కకు అందింది. డెమొక్రాట్లపై తీవ్ర వ్యతిరేకత ఉన్న రిపబ్లికన్లు 1994లో 17 శాతం కాగా 2014కి 43 శాతమయ్యారని ప్యూ పరిశోధన సంస్థ సర్వేలు చెప్పాయి. అటువైపు కూడా 16 నుంచి 38కి పెరిగింది. కేబుల్ వార్తా ఛానళ్లకూ ఇందులో వాటా ఉంది. అయితే వాటికి సరుకు అందించింది నేతలే.