తేనె నీలంగా మారితే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. తేనె సీసా లేబుల్ మీద "యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం" అని ఉంది. "ఎవరు లెక్కపెట్టారు తాతయ్యా?" అని మీ ప్రశ్న. ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయడం నా వల్ల కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

తేనెలో నూటికి 80 పాళ్ల దాకా చక్కెరలే. ఫ్రక్టోజ్ ఎక్కువ, తర్వాత గ్లూకోజ్. ఇంకో 17, 18 పాళ్లు నీళ్లు. ఎంజైములు, ఆమ్లాలు, ఖనిజాలు, పుప్పొడి అన్నీ మిగిలిన ఆ కాస్తలోనే సర్దుకోవాలి. లేబుల్ చెప్పే యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ముఖ్యంగా ఫినాలిక్ పదార్థాలు, అందులోనూ కొసరు. 100 గ్రాముల తేనెలో వాటిని మిల్లీగ్రాముల్లో లెక్కపెడతారు. అవి చాలావరకు పువ్వుల నుంచి వచ్చినవే. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకోవడం వాటి గుణం. కోసిన వంకాయ నల్లబడుతుంది చూడండి, అది కూడా ఈ కుటుంబపు పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌కు దొరికిపోవడం వల్లే. ల్యాబులో పట్టుకునేది ఆ గుణాన్నే.

ఎక్కువగా చేసే పరీక్ష పేరు ఫోలిన్-సియోకాల్టో. తేనెను తూచి, నీళ్లలో కరిగించి, వడకడతాం. అందులో టంగ్‌స్టన్, మాలిబ్డినం ఉన్న పసుపు ద్రావణం కొంచెం, ఆ తర్వాత సోడియం కార్బొనేట్ కలిపి చీకట్లో పెడతాం. ఫినాలిక్‌లు ఎలక్ట్రాన్లు ఇచ్చేకొద్దీ పసుపు పోయి నీలం వస్తుంది. స్పెక్ట్రోఫొటోమీటరులో 760 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆ నీలం ఎంత చిక్కగా ఉందో కొలుస్తాం. అంత నీలం రావాలంటే గాలిక్ ఆమ్లం ఎంత కావాలో ముందే గీసి పెట్టుకున్న గ్రాఫు చెబుతుంది. గాలిక్ ఆమ్లం మీకు తెలియనిదేం కాదు, మన కరక్కాయలో, ఉసిరికాయలో ఉన్నదే.

ఈ ద్రావణాన్ని 1927లో హార్వర్డ్‌లో ఒట్టో ఫోలిన్, వింటిలా సియోకాల్టో రూపొందించారు. తేనె కోసం కాదు, ప్రోటీన్లలో టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలను కొలవడానికి. అప్పటికే ఫోలిన్ గారి విభాగంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేస్తున్నారు. 1925లో ఆయన, సైరస్ ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. అక్కడ కూడా కొలిచేది మాలిబ్డినం ఇచ్చే నీలాన్నే. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పేరుతోనే తెలుసు. మీ సైన్సు టీచరుకు చెప్పండి, సంతోషిస్తారు.

ఇక అసలు చిక్కు. ఆ ద్రావణానికి ఫినాలిక్‌లను గుర్తుపట్టే తెలివి లేదు. ఎలక్ట్రాన్ ఎవరిచ్చినా నీలం అవుతుంది. విటమిన్ సి ఇచ్చినా సరే, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఇచ్చినా సరే. చక్కెరలు ఇచ్చేది కొంచెమే గానీ తేనెలో ఉన్నదంతా అవే కదా! అందుకని పనితెలిసిన కెమిస్టు అసలు తేనె పక్కన నకిలీ తేనె ఒకటి పెట్టుకుంటాడు. అవే చక్కెరలు, అదే పాళ్లలో నీళ్లలో కలిపి, తేనెటీగ ముట్టని తేనె తయారుచేస్తాడు. దానికీ అదే పరీక్ష చేసి, వచ్చిన నీలాన్ని అసలు లెక్కలోంచి తీసేస్తాడు. రిపోర్టులో నేను మొదట వెతికేది ఈ లెక్కనే. అది లేకపోతే మిగతా నంబర్లు ఎంత అందంగా ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

డీపీపీహెచ్ అని ఇంకో పరీక్ష ఉంది. అది ముదురు ఊదారంగు ద్రావణం, ఎలక్ట్రాన్ దొరికితే పసుపుకు తిరుగుతుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది. ఏ పదార్థం ఎంత ఉందో విడివిడిగా కావాలంటే మాత్రం తేనెను రెజిన్ (కొన్ని పదార్థాలను పట్టి ఉంచే సన్నటి గుళికలు) నింపిన గొట్టం గుండా పంపాలి. ఆమ్లం కలిపిన నీళ్లకు చక్కెరలు కొట్టుకుపోతాయి, ఫినాలిక్‌లు రెజిన్‌కు అంటుకుంటాయి. మెథనాల్ పోసి వాటిని దించి, పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెడితే క్వెర్సెటిన్, క్రైసిన్, కెఫిక్ ఆమ్లం లాంటి ఫినాలిక్ పదార్థాలు వేర్వేరు శిఖరాలుగా గ్రాఫు మీద కనిపిస్తాయి. ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

పువ్వును బట్టి తేడా చాలా ఉంటుంది. 1998లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు రకరకాల పువ్వుల తేనెలు పోల్చారు. యాంటీ ఆక్సిడెంట్లు అన్నిటికన్నా తక్కువ వచ్చిన తేనెకు, ఎక్కువ వచ్చిన, ధాన్యంలా వాడే పంటైన బక్‌వీట్ తేనెకు మధ్య సుమారు 20 రెట్ల తేడా. ముదురు రంగు తేనెల్లోనే సాధారణంగా ఎక్కువ ఉన్నట్టు తేలింది.

అలాగని నల్లగా ఉన్న ప్రతి సీసా మంచిదనుకోకండి. తేనెను బాగా కాచినా నల్లబడుతుంది. అప్పుడు పుట్టే గోధుమరంగు పదార్థాలు కూడా ఎలక్ట్రాన్లు ఇస్తాయి కాబట్టి, పాడైన తేనెకే ఎక్కువ మార్కులు పడొచ్చు! ఆ గుట్టు హెచ్‌ఎంఎఫ్ పరీక్షలో బయటపడుతుంది. వేడి చేసినా, ఏళ్ల తరబడి నిల్వ ఉంచినా పెరిగే పదార్థం అది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం కిలో తేనెలో 80 మిల్లీగ్రాములు దాటకూడదు.

అంతా చేసి వచ్చిన నంబరు గాజుగొట్టంలో జరిగిన సంగతి చెబుతుంది, మన ఒంట్లో జరిగేది కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి నంబర్ల పట్టిక ఒకటి నడిపేది. వ్యాపారులు వాటిని ఇష్టం వచ్చినట్టు వాడుకుంటున్నారని 2012లో తీసేసింది. యాంటీ ఆక్సిడెంట్లే కావాలంటే చెంచా తేనె ఒక ఉసిరికాయ ముందు నిలబడలేదు. తేనెను తీపి కోసం తినండి, చాలు.

ఇంకొక్క మాట. ఈ పరీక్షలేవీ తేనెలో ఉండే బొట్యులినం బ్యాక్టీరియా బీజాలను చూడవు. పెద్దవాళ్లకు మామూలుగా వాటితో ఇబ్బంది లేదు గానీ పసిపిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేయగలవు. చిన్నదానికి ఏడాది నిండేదాకా తేనె వేలితో కూడా నాకించకండి. మీ నాయనమ్మ ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ తాతయ్య