నకలు డిస్కు చేసిన మోసం: ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్యలపై అపోహలు – వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల బియ్యం మిల్లులు, రొయ్యల మేత దుకాణాల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. కరెంటు పోయి వచ్చిందంటే ఎవరో ఒకరి దగ్గర నుంచి ఫోను తప్పదు. చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది. ఏది ఏ డిస్కో పోల్చుకోలేక కంప్యూటరే తికమకపడుతూ ఉంటుంది.

అపోహ: లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) డిస్కుకు పెట్టే ఎస్‌డీఏ అనే పేరు ఎప్పటికీ అదే డిస్కుది.

నరసాపురం రేవులో పంటు ఎక్కే బండ్లను చూడండి. ముందు వచ్చినది ముందు ఎక్కుతుంది. ఇవాళ మొదట ఎక్కిన బండి రేపు చివరన ఉండవచ్చు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లూ అంతే, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కంట డిస్కులు పడిన వరసలో వస్తాయి. అందుకే యంత్రం లేచేటప్పుడు ఏ డిస్కులు తగిలించుకోవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఆ పేర్లకు బదులు యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య రాస్తాం. అది 128 బిట్ల సంఖ్య. 8-4-4-4-12 చొప్పున విడదీసిన 32 గుర్తులుగా కనిపిస్తుంది.

అపోహ: ఆ సంఖ్య డిస్కుతోపాటే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. నన్నూ ముంచింది. ఫ్యాక్టరీ ఇచ్చే సీరియల్ నంబరు వేరు. యూయూఐడీ మనం ఫార్మాట్ చేసినప్పుడు పుడుతుంది. డిస్కులో ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటాం. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ అయితే పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) మొదట్లో 1024 బైట్లు దాటాక, తన వివరాలు దాచుకునే సూపర్‌బ్లాక్‌లో దాన్ని రాసుకుంటుంది. అంటే అదీ డేటాయే. నకలు తీస్తే నకలులోకీ వచ్చేస్తుంది.

ఒక మిల్లులో పాత డిస్కును డీడీ కమాండుతో ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించాను. ఎందుకైనా మంచిదని పాతదాన్ని విప్పకుండా లోపలే వదిలేశాను. రెండు వారాలు కొత్తదే నడిచింది. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున్నే గుమస్తా ఫోను: “రెండు వారాల బిల్లులు కనబడటం లేదండీ!” రెండు డిస్కులదీ ఒకే యూయూఐడీ కదా, ఆ రాత్రి సిస్టమ్ చేతికి పాతది చిక్కింది. నేను వెళ్లేసరికి ఆయన పాతదానిలో పదకొండు కొత్త బిల్లులు కొట్టేశారు. రెండింటినీ కలిపేసరికి సాయంత్రమైంది. తప్పు నాదే. యజమాని మాత్రం ఇప్పటికీ కరెంటునే తిడతారు, నేనూ దిద్దలేదు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఇలాంటి చోట మొరాయిస్తుంది: ఒకే యూయూఐడీ ఉన్న రెండోదాన్ని మౌంట్ చేయనివ్వదు, అంటే వాడకానికి తగిలించనివ్వదు. విసుక్కునేవాళ్లున్నారు కానీ నాకు ఆ మొండితనమే ఇష్టం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌తో మరీ జాగ్రత్త, నకలునూ అసలునూ ఒకేసారి తగిలిస్తే డేటాయే పాడయ్యే ప్రమాదం ఉంది. విండోస్ డిస్కు సంతకం (డిస్కు మీద రాసి ఉండే గుర్తింపు సంఖ్య) చూస్తుంది, రెండు డిస్కులదీ ఒకటే అయితే రెండోదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది.

అపోహ: నకలు తీయకపోయినా రెండు డిస్కులకు ఒకే యూయూఐడీ రావచ్చు.

యాదృచ్ఛికంగా పుట్టే యూయూఐడీలో 122 బిట్లు అచ్చంగా లాటరీయే. 5 పక్కన 36 సున్నాలు పెడితే వచ్చేదానికంటే ఎక్కువ రకాలు. ఆ భయం వదిలేయండి. పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ సంగతి వేరు: దానికి ఉన్నది 32 బిట్ల సీరియల్ నంబరే, అదీ సాధారణంగా ఫార్మాట్ చేసిన తేదీ, సమయాల నుంచి తయారవుతుంది.

అపోహ: ఫార్మాట్ చేసినా పాత సంఖ్యే ఉంటుంది.

ఉండదు. కొత్తది వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాతదే మిగిలితే, సిస్టమ్‌డీ (లినక్స్‌లో అన్నిటినీ లేపే ప్రోగ్రాం) ఉన్న యంత్రం, లేని డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి, అంటే మరమ్మతుకు మాత్రమే పనికొచ్చే స్థితిలోకి పోతుంది. బ్యాకప్ డిస్కుల వరసలో నోఫెయిల్ అని చేర్చితే అది లేకపోయినా యంత్రం లేస్తుంది. జీపీటీ పద్ధతిలో పార్టిషన్లు చేసిన డిస్కుల్లో పార్ట్‌యూయూఐడీ అని ఇంకొకటుంది. అది పార్టిషన్ పట్టికలో ఉంటుంది కాబట్టి లోపలి ఫైల్ సిస్టమ్‌ను ఫార్మాట్ చేసినా మారదు. ఇల్లు పడగొట్టి కట్టినా స్థలం సర్వే నంబరు మారనట్టు.

అపోహ: డిస్కుకు మనమే ఒక పేరు (లేబుల్) పెట్టుకుంటే చాలు.

మీ ఇంట్లో ‘బ్యాకప్’ అనే పేరున్న డిస్కులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.

ఆ మిల్లు గొడవ తర్వాత నకలు తీసిన వెంటనే, మౌంట్ చేయకముందే, ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండుతో ఒకదానికి కొత్త యూయూఐడీ ఇస్తున్నాను. ఆ డిస్కుతోనే యంత్రం లేవాలంటే దానిలోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌నూ, యంత్రాన్ని మొదట లేపే బూట్‌లోడర్‌నూ కూడా మారుస్తాను. మొదటి నాలుగు గుర్తులు డిస్కు మీద పెయింటు మార్కరుతో రాస్తాను. మా ఉప్పుగాలికి స్టిక్కర్లు నిలవవు.