బంతి కనబడకపోవడం వేరు, దూరం తెలియకపోవడం వేరు

చిన్నా, అమ్ములూ,

మొన్న అమ్మ ఫోన్ చేసి చెప్పింది. స్కూల్లో కంటి పరీక్ష చేశారట, చుక్కల పుస్తకంలో చిన్నాకు అంకెలు కనబడలేదట. అప్పటినుంచి వాడు గ్రౌండుకే వెళ్లడం లేదట. "రంగులు తెలియనివాడికి బంతి ఎంత దూరంలో ఉందో కూడా తెలియదు" అని ఎవడో అన్నాడట. ఫోన్లో చెప్తే సగం విని సగం టీవీ చూస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈ వర్ణాంధత్వం, అంటే కొన్ని రంగులు విడివిడిగా తెలియకపోవడం, నా దగ్గర్నుంచి వచ్చిందే రా చిన్నా. మా నాన్న నాకు ఎకరంన్నర మిరప చేను ఇచ్చాడు, నేను నీకు ఇది ఇచ్చాను.

నాకు పదేళ్లప్పుడు కోతల్లో నన్ను కూడా చేలోకి దింపారు. పండు కాయలు కొయ్యాలి, పచ్చివి వదిలెయ్యాలి. పక్క సాలులో వాళ్ల గంపలు నిండిపోయేవి, నా గంపకి అడుగు కూడా కప్పేది కాదు. "చెట్టు నిండా ఎర్రగా వేలాడుతుంటే కనబడట్లేదా, కళ్లు నెత్తిమీద పెట్టుకున్నావా" అని నాన్న కేకలు. నాకు నిజంగానే కనబడేవి కావు. కాయా ఆకూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. వంగి, ఆకులు పక్కకి తోసి, కాయ నునుపు, దాని మీద మెరుపు చూసుకుంటే అప్పుడు దొరికేది. దొరికాక మాత్రం నా చెయ్యి ఒక్కసారి తప్పలేదు. సరిగ్గా తొడిమ దగ్గరే పడేది.

నీ బంతి గొడవ కూడా అచ్చం ఇదే. ఎర్ర బంతి పచ్చగడ్డిలో పడితే నీకు ఆలస్యంగా కనబడుతుంది. అది వెతుకులాటలో వచ్చే ఇబ్బంది. కనబడ్డాక అది పది అడుగుల దూరంలో ఉందా, పదిహేను అడుగులా అన్నది వేరే లెక్క. ఆ లెక్క నీకు బాగానే వచ్చు. పోయిన సంక్రాంతికి దాబా మీద నువ్వు తెగిన గాలిపటం దారం గాల్లో ఉండగానే పట్టుకోవడం నేను చూశాను.

ఆ లెక్క ఎలా జరుగుతుందో మీరే చేసి చూడండి. అమ్ములూ, అన్నయ్యని పెన్ను క్యాప్ నీ ముందు, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకోమను. నువ్వు ఒక కన్ను మూసుకుని, పెన్నుని పక్కనుంచి తెచ్చి క్యాప్‌లో పెట్టు. మొదటిసారి ముందుకో వెనక్కో పోతుంది. ఇప్పుడు రెండు కళ్లూ తెరిచి పెట్టు. మన కళ్ల మధ్య ఇంచుమించు ఆరు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అందుకని రెండు కళ్లకీ ఒకే వస్తువు కొద్దిగా తేడాగా కనబడుతుంది. ఆ తేడాని బట్టి మెదడు దూరం కడుతుంది. 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆయన ఈ సంగతి రుజువు చేశాడు. అద్దాలతో ఒక పరికరం చేసి, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించాడు. చదునైన కాగితాల మీద గీసినవే, చూసేవాళ్లకి మాత్రం లోతుగా లేచి కనబడ్డాయి. ఫోటోలు ఇంకా జనంలోకి రాని రోజులవి. ఆయన వాడినవి ఉత్త గీతల బొమ్మలు. వాటిలో రంగే లేదు రా చిన్నా!

రంగు లోతుకి అసలు పనికిరాదని కాదు. కానీ ఆ పనిలో పెద్ద వాటా వెలుగునీడల తేడాదే. రెండిటికీ వెలుగు సమానంగా ఉండి రంగు ఒక్కటే మారేట్టు బొమ్మ చేస్తే, మామూలు చూపు ఉన్నవాళ్లకి కూడా లోతు సరిగా అందదు. ఒంటికన్నుతోనూ కొంత దూరం తెలుస్తుంది. దేని వెనక ఏది దాక్కుంది, ఏది చిన్నగా ఉంది, మనం నడుస్తుంటే ఏది తొందరగా పక్కకి జరిగిపోతోంది, ఇవన్నీ మెదడు చూసుకుంటుంది. మన ఊరినుంచి కొండవీడు కొండలు మసగ్గా కనబడతాయి కదా, ఆ మసకే అవి దూరంగా ఉన్నాయని చెప్తుంది.

ఇక రంగుల సంగతి. కంటి లోపలి పొరలో శంకు కణాలని ఉంటాయి, మూడు రకాలు. ఆ మూడూ పంపే కబుర్లు పోల్చుకుని మెదడు రంగు చెప్తుంది. నీకూ నాకూ ఎరుపు ఆకుపచ్చల్ని విడదీసే రకాల్లో ఒకటి సరిగా లేదు. దాని తాలూకు జన్యువు, అంటే అమ్మానాన్నల నుంచి పిల్లలకి వచ్చే రాత, ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండు ఉంటాయి. నా ఎక్స్ మీ అమ్మకి వెళ్లింది. అమ్మకి మీ అమ్మమ్మ ఇచ్చిన మంచి ఎక్స్ కూడా ఉంది కాబట్టి తనకి ఇబ్బంది లేదు. మగపిల్లాడికి ఉండేది ఒక్క ఎక్సే, నీకు నాది వచ్చింది. అమ్ములుకి మీ నాన్న మంచిది ఇచ్చాడు కాబట్టి బతికిపోయింది. యూరప్ మూలాలున్న మగవాళ్లలో వందకి సుమారు 8 మందికి ఇది ఉంటుంది, ఆడవాళ్లలో 200కి ఒకరికి.

పరమాణువుల గురించి మీ సైన్సు పుస్తకంలో ఉండే జాన్ డాల్టన్ కూడా మన జట్టే. జెరేనియం పువ్వు ఆయనకి పగలు ఆకాశనీలంగా, రాత్రి కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనబడేది. ఆయన అన్నకి తప్ప మిగతా వాళ్లెవరికీ అలా మారేది కాదు. 1794లో దీని గురించి మాంచెస్టర్‌లో వ్యాసం చదివాడు. తన కంటి లోపలి ద్రవం నీలంగా ఉండి ఉంటుందని ఆయన అనుమానం. పోయాక తన కళ్లు తీసి చూడమని చెప్పి పెట్టాడు. 1844లో ఆయన పోయాక వైద్యుడు ఒక కంటి ద్రవాన్ని బయటికి తీసి చూశాడు, మంచినీళ్లలా ఉంది. రెండో కంటికి వెనక కన్నం చేసి అందులోంచి ఎరుపు, ఆకుపచ్చ వస్తువుల్ని చూశాడు, మామూలుగానే కనబడ్డాయి. ఆ కళ్లని పారెయ్యకుండా దాచారు. 150 ఏళ్ల తర్వాత, 1995లో, వాటిలోంచి డీఎన్ఏ తీసి, ఏ రకం కణం లోపమో తేల్చారు. ఒక మనిషి తన గురించి వేసుకున్న ప్రశ్నకి జవాబు రావడానికి అంత కాలం పట్టింది.

దీనికి మందు లేదు, ప్రమాదమూ లేదు. కానీ అమ్మకి ఒక మాట చెప్పండి. దూరం కట్టే లెక్క నిజంగా చెడగొట్టేది మెల్లకన్ను, లేదంటే ఒక కన్ను మసగ్గా ఉండి మెదడు దాన్ని పట్టించుకోకపోవడం. ఇవి చిన్నప్పుడే పట్టుకుంటే బాగుచేస్తారు, బాగున్న కంటికి కొన్నాళ్లు గంత కట్టి బద్ధకం కంటితో పని చేయిస్తారు. అందుకని ఇద్దరికీ రెండు కళ్లూ విడివిడిగా చూపించమనండి.

ఇబ్బందులు ఉంటాయి, అబద్ధం చెప్పను. ఇరవై రెండేళ్లప్పుడు ఒక ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, ఈ చుక్కల పుస్తకం దగ్గరే ఆగిపోయాను. రైలు నడపడం లాంటి కొన్ని పనులు మనకి ఇవ్వరు. కారు మాత్రం నడపొచ్చు. తక్కువ, మధ్యస్థంగా ఉన్నవాళ్లకి లైసెన్సు ఇవ్వొచ్చని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. సిగ్నల్లో పైనున్నది ఎరుపు, కిందున్నది ఆకుపచ్చ. నేను ఇన్నేళ్లూ స్కూటర్ అలాగే నడిపాను.

ఇంకోటి. చెట్టు మీద పండు కాయ కనబడని నేనే, కళ్లంలో తాలు ఏరడానికి కూర్చుంటే అందరికంటే ముందుండేవాణ్ని. తాలు కాయ తెల్లబారి ఉంటుంది కదా, వెలుగు తేడా మనకి బాగా పట్టుబడుతుంది. ఆ రోజుల్లో నాన్న ఒక్క తిట్టు తిట్టేవాడు కాదు.

సెలవులకి వచ్చేటప్పుడు తెల్ల బంతి తీసుకురా చిన్నా. ఎర్రది వద్దు, ఆ చిలకపచ్చ టెన్నిస్ బంతీ వద్దు. గడ్డిలో పడిందంటే మనిద్దరం నిలబడి చూస్తుంటాం, ప్రతిసారీ అమ్ములే పరిగెత్తాలి.

మీ
తాతయ్య