లాంగ్ రేంజ్ వేట రైఫిల్ బ్యారెల్: బరువు చూసి ట్విస్ట్ ఎంచుకోకండి

రైఫిళ్లకు కొత్త బ్యారెల్ బిగించడం నా పని. ఆర్డర్ ఇవ్వడానికి వచ్చేవాళ్లు ముందు పొడవు అడుగుతారు, తర్వాత కంపెనీ, ఆ తర్వాత ఫ్లూటింగ్ (బ్యారెల్ పైన నిలువు గాడులు తీయడం). ట్విస్ట్, అంటే బుల్లెట్‌ను గిరగిరా తిప్పడానికి బ్యారెల్ లోపల ఉండే మెలిక గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది, ఆ సంగతి నేనే కదపాలి. 10 అంగుళాలకు ఒక చుట్టైతే 1:10 అంటాం. కదిపితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "తేలిక బుల్లెట్టే కదండీ, 1:10 చాలన్నారు." ఎవరన్నారంటే మాత్రం చెప్పలేరు.

అపోహ: బుల్లెట్ బరువు తెలిస్తే ట్విస్ట్ తెలిసినట్టే.

కాదు. ట్విస్ట్‌ను ప్రధానంగా తేల్చేది బుల్లెట్ పొడవు. ఒకే క్యాలిబర్‌లో బరువు పెరిగితే పొడవూ పెరుగుతుంది కాబట్టి, ఒకప్పుడు పెట్టె మీది గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) చూసుకుంటే పని జరిగిపోయేది. ఇప్పుడలా కుదరదు. సీసం కంటే రాగి తేలిక, అందుకే పూర్తి రాగి బుల్లెట్ అదే బరువున్న సీసం బుల్లెట్ కంటే పొడవుగా ఉంటుంది. దానికి ప్లాస్టిక్ టిప్, బోట్ టెయిల్ (వెనకవైపు సన్నబడే ఆకారం) తోడైతే ఇంకా సాగుతుంది. 243 విన్‌చెస్టర్ తూటా వాడే రైఫిళ్లు చాలావరకు 1:10తో వస్తాయి. 105 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్‌కు మాత్రం 1:8 కావాలి.

ఒకాయన సీసం నుంచి రాగి బుల్లెట్లకు మారాక గ్రూప్ (ఒకే గురికి వరసగా కాల్చిన గుండ్లు పడే గుంపు) చెదిరిపోయిందని వచ్చారు. అప్పటికే స్కోప్ మార్చారు, మౌంట్లు మార్చారు. చివరికి తన చేతులే వణుకుతున్నాయేమోనని టెన్షన్ పడుతున్నారు. టార్గెట్ కాగితం చూస్తే రంధ్రాలు గుండ్రంగా లేవు, కోలగా చిరిగి ఉన్నాయి. అంటే బుల్లెట్ అడ్డం తిరిగి తగులుతోంది. పిడి దగ్గర తేలిగ్గా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా ప్యాచ్ పెట్టి నెట్టాం. ఒక చుట్టు పూర్తవడానికి 10 అంగుళాలు పట్టింది, అంటే 1:10; ఆ పొడవాటి రాగి బుల్లెట్‌కు అది చాలలేదు. రైఫిల్‌లో లోపం లేదు, ఆయన చేతుల్లోనూ లేదు. అదే రాగిలో పొట్టి బుల్లెట్లు వాడమని చెప్పి పంపాను, బ్యారెల్ ఖర్చు తప్పింది. పాపం, ఆ స్కోప్ డబ్బులు మాత్రం వెనక్కి రావు.

రంధ్రాలు గుండ్రంగా పడ్డాయి కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మిల్లర్ సూత్రంతో లెక్కకట్టే స్టెబిలిటీ ఫ్యాక్టర్ (బుల్లెట్ నిలకడను చెప్పే అంకె) 1కి కాస్త పైన ఉన్నా వంద గజాల్లో గ్రూప్ బాగానే కనిపించవచ్చు. కానీ అది 1.5 లోపు ఉంటే బీసీ (బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె) తగ్గుతుంది, దూరం వెళ్లేకొద్దీ బుల్లెట్ లెక్కకన్నా కిందికి జారుతుంది. చలిలో గాలి చిక్కబడుతుంది కాబట్టి ఆ అంకె ఇంకా పడిపోతుంది. ఎం16 రైఫిల్‌కు మొదట 1:14 ట్విస్ట్ ఉండేది. తీవ్రమైన చలిలో బుల్లెట్ నిలకడ తప్పుతోందని తేలాక 1960ల్లో 1:12కు మార్చారు. ఎండలో జీరో చేసుకుని (గురి సరిచేసుకుని) మంచులో వేటకు వెళ్లేవాళ్లు ఆ చలి ఉష్ణోగ్రతతోనే లెక్క వేసుకోవాలి. ఎత్తైన కొండల మీద గాలి పలచన, అది కొంత కలిసొస్తుంది.

"మరీ వేగం ట్విస్ట్ (తక్కువ అంగుళాలకే చుట్టు తిరిగేది) పెడితే బుల్లెట్ గాల్లోనే పేలిపోతుందట" అని భయపడేవాళ్లూ ఉన్నారు. చిన్న జంతువుల కోసం చేసే పలచని జాకెట్ బుల్లెట్లను విపరీతమైన వేగంతో కాలిస్తే అలా జరగవచ్చు. గట్టి వేట బుల్లెట్లకు ఆ భయం అక్కర్లేదు. 1:8, 1:9 మధ్య ఊగిసలాడుతుంటే 1:8 తీసుకోండి.

మిగతావి టూకీగా.

బ్యారెల్ పొడవు పెరిగితే గురి పెరగదు, వేగం పెరుగుతుంది. అదీ అంగుళానికి సెకనుకు 20 నుంచి 30 అడుగులు, మాగ్నమ్‌లకు (ఎక్కువ మందు పట్టే తూటాలకు) ఇంకాస్త ఎక్కువ. పొదల్లో మోయాల్సింది మీరే. పైగా సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) బిగిస్తే ఇంకా పొడవవుతుంది.

లావు బ్యారెల్ వరసగా చాలాసార్లు కాల్చేవాళ్లకు పనికొస్తుంది. వేటలో లెక్కలోకొచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండు.

ఫ్లూటింగ్ చేస్తే బ్యారెల్ గట్టిపడదు. లోహం తీసేస్తే గట్టిపడటం ఏమిటి? అదే బరువున్న సన్న బ్యారెల్‌తో పోలిస్తేనే అది గట్టిది.

స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదన్నది ఉత్త మాట. బ్యారెళ్లకు వాడే 416ఆర్ స్టీలులో కోత సులువు కావడానికి గంధకం కలుపుతారు, దానివల్ల తుప్పును తట్టుకునే శక్తి కాస్త తగ్గుతుంది. తడిసిన రైఫిల్‌ను అలాగే కవర్లో పెట్టి మర్చిపోతే దానికీ మచ్చలు వస్తాయి. తుడిచి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టండి.