చలికాలంలో సూర్యుడు దూరంగా పోతాడా?

చలి ఎందుకేస్తుందని చిన్నపిల్లల్ని అడిగితే "సూర్యుడు దూరంగా వెళ్లిపోయాడు" అనేస్తారు. నవ్వకండి, పెద్దవాళ్లలోనూ చాలామంది అదే అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లోనే, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లకి. జులైలో 15.2 కోట్లు. పైగా ఉత్తరార్ధగోళం వణికిపోయే జనవరిలో ఆస్ట్రేలియాలో మండు వేసవి. దూరమే కారణమైతే అందరికీ ఒకేసారి చలి వేయాలి కదా!

అసలు కారణం భూమి వంపు. 23.4 డిగ్రీలని పిల్లలకి చెప్పి లాభం లేదు, చూపించాలి. గది చీకటి చేసి, తెల్ల కాగితం మీద టార్చిలైటు నిట్టనిలువుగా వేసి, వెలుగు పడినంత మేరా పెన్సిల్‌తో గీయమనండి. తర్వాత అంతే దూరం నుంచి టార్చిని పక్కకి వంచి మళ్లీ గీయించండి. గుండ్రటి మచ్చ కోడిగుడ్డులా సాగుతుంది, వెలుగు కూడా మందగిస్తుంది. టార్చి అదే, బ్యాటరీ అదే, ఉన్న వెలుతురే ఎక్కువ చోటుకి పరుచుకుని పలచబడింది. నేలకి 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా వచ్చే ఎండ దాదాపు రెట్టింపు నేలకి సర్దుకోవాలి, ఇక వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?

గ్లోబు దీపం చుట్టూ తిప్పి చూపించేవాళ్లు ఇక్కడే తడబడతారు: చేతితో పాటు వంపు దిక్కు కూడా తిరిగిపోతుంది. అలా కాదు, ఉత్తర ధ్రువం ఏ గోడ వైపు ఉందో ఆఖరిదాకా ఆ గోడ వైపే ఉండాలి, ఎందుకంటే అసలు భూమి అక్షం కూడా ఏడాది పొడవునా ధ్రువ నక్షత్రం వైపే ఉంటుంది. అప్పుడు ఒక పక్క ఉత్తర భాగం దీపం వైపు వాలుతుంది, అవతలి పక్కకి వచ్చేసరికి దీపానికి ఎడంగా వాలుతుంది. ఆ రెండోదే అక్కడి చలికాలం.

పగలు చిన్నదవడం ఇంకో దెబ్బ. నేల వేడెక్కడానికి టైమ్ తక్కువ, చల్లారడానికి రాత్రి బోలెడు. అయితే ఉత్తరాన అతి చిన్న పగలు డిసెంబరు 21 లేదా 22న అయినా, చాలాచోట్ల చలి ముదిరేది జనవరిలోనే. నేలా సముద్రమూ దాచుకున్న వేడి మెల్లగా పోతుంది, వచ్చే వేడి పోయేదాన్ని దాటేవరకు చలి పెరుగుతూనే ఉంటుంది.

భూమధ్యరేఖ దగ్గర ఈ తేడాలు పెద్దగా తెలియవు. ధ్రువాల దగ్గరైతే దాదాపు ఆరు నెలలు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. ఇది విన్న పిల్లలు మరి అక్కడివాళ్లు ఎప్పుడు నిద్రపోతారని అడక్క మానరు. దక్షిణ ధ్రువంలో చలికాలమంతా ఉండిపోయే పరిశోధకులైతే గడియారం చూసుకుని పడుకుంటారు.